నానబెట్టిన డిగ్రీలు

టీచర్ గారు పోయారన్న సంగతి నాకు పిట్టగోడ మీంచి తెలిసింది. కార్తీకమాసం, పొద్దున్న పూట. మా డాబా మీద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతున్నాను. మోచేతుల దాకా పిండి. పక్క డాబా మీదికి వాళ్లబ్బాయి వచ్చి నిలబడ్డాడు. ఆ వేళప్పుడు మేడెక్కే అలవాటు అతనికి లేదు.

"అక్కా, అమ్మ పోయిందక్కా" అన్నాడు. "కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టింది. కుర్సీలో అలాగే ఒరిగిపోయింది."

దానికి నేనన్న మాట చెబితే మీరు నవ్వుతారు. "అదేటి బాబూ, ధనుర్మాసం ఇంకా రాలేదు కదా!" అన్నాను.

అలాంటప్పుడు ఎవరైనా అనే మాటేనా అది? అయ్యో అనాలి, తల్లీ అని ఏడవాలి. నా నోట్లోంచి ధనుర్మాసం వచ్చింది. కానీ ఆ అబ్బాయి ఆశ్చర్యపోలేదు. నా కాళ్ల దగ్గర నేల మీద ఉన్న ఎర్ర పెయింటు గీత వైపు ఓసారి చూశాడు. "అవునక్కా, రాలేదు" అన్నాడు. అప్పుడిద్దరికీ ఒక్కసారే ఏడుపొచ్చింది.

ఆవిడ గురించి చెప్పమంటే నాకు ఆ గీత గురించి చెప్పడమే వచ్చు. పెద్దకర్మ రోజు ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది వచ్చారు. చీడికాడ నుంచి, కె.కోటపాడు నుంచి బళ్ల మీద వచ్చారు. లెక్కల టీచరంటే ఆవిడేనని, ఆవిడ దెబ్బలు తినకపోతే ఈ పాటికి ఏమైపోయేవాళ్లమోనని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. వాళ్లలో ఒకాయన నన్ను "మీరే బ్యాచ్ అండీ?" అని అడిగాడు. నేను ఏ బ్యాచ్ చెప్పను? మా పుట్టిల్లు వడ్డాది పక్క పల్లె. లెక్కలకి భయపడి ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినదాన్ని. "నేను ఉత్తరం పక్కింటిదాన్నండి" అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, సరేనండి అని తల ఊపి వెళ్లిపోయాడు. అంతకంటే సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

మా ఇల్లూ వాళ్ల ఇల్లూ పక్కపక్కనే. వాళ్లది దక్షిణం వైపు, మాది ఉత్తరం వైపు, మధ్యలో మూడడుగుల సందు. రెండూ ఒకే ఎత్తు డాబాలు. నా బతుకు తెరువంతా ఆ డాబా మీదే. అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు చేసి అమ్ముతాను. మా ఆయన వాటిని ఆటోలో పెట్టుకుని చోడవరం కొట్లకీ, చుట్టుపక్కల సంతలకీ వేసొస్తాడు. వేసవిలో ఎండకి కొదవ లేదు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, వడియమెంత! చిక్కంతా చలికాలంతోనే. బూడిద గుమ్మడికాయలు వచ్చేది అప్పుడే, మాఘమాసం పెళ్లిళ్లకి ఆర్డర్లు వచ్చేదీ అప్పుడే, ఎండ నీరసంగా ఉండేదీ అప్పుడే. ఆ ఎండలో ఒక్క పూట తగ్గిందా, వడియం లోపల పచ్చిగా ఉండిపోయి బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు.

టీచర్ గారు రిటైరయ్యాక కూడా కొంగు బొడ్లో దోపుకుని, ఆ దోపులో ఒక సుద్దముక్క దాచుకుని తిరిగేవారు. గ్యాస్ బండ వస్తే దాని మీద తేదీ వేసేవారు. నీళ్ల డ్రమ్ము మీద గీతలు, తలుపు వెనక మనవరాళ్ల ఎత్తులు. సాయంత్రం కాగానే పిట్టగోడ దగ్గరికి వచ్చి, సందు మీంచి చెయ్యి చాపేవారు. నేను విరిగిపోయిన వడియాలు నాలుగు వేయించి ఆ చేతిలో పెట్టాలి. మంచివి పెడితే తీసుకునేవారు కాదు.

"అమ్ముకునేది నాకెందుకే? ఇరిగిందే రుచి" అనేవారు.

నేను మాటవరసకి "సుమారుగా రెండు కేజీలు పెట్టేనండి ఈయేళ" అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "సుమారుగా అంటే తెలీదని. ఎంత పెట్టేవో అది సెప్పు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. బడి మానేసి ఇంత దూరం కాపరానికొచ్చినా లెక్కల టీచరు నన్ను వదల్లేదేమిటా అనుకునేదాన్ని.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం వడియం నములుతూ, "మేడ మీద గదేద్దామనుకుంటన్నామే" అన్నారు. "గుంటలిద్దరూ ఎదుగుతన్నారు. కింద ఒక్క గదిలో ఎంతమందిమి సర్దుకుంటాం?"

నిజమే. కొడుకూ, కోడలూ, ఇద్దరు మనవరాళ్లూ, ఆవిడా. పుస్తకాలు పెట్టుకోడానికి కూడా చోటు లేదు ఆ పిల్లలకి. అదంతా నాకు తెలుసు. అయినా గుండెల్లో రాయి పడింది. దక్షిణం వైపు గోడ లేస్తే చలికాలంలో నాకు ఎండెక్కడిది?

"టీచర్ గారూ, మరి నా ఎండ?" అన్నాను, ఆవిడ దగ్గర దాచుకున్న వస్తువేదో తిరిగి అడిగినట్టు.

"నీ ఎండ నీకుంటాది. లెక్క కట్టే కడతాను. ఊరికే కడతానేటి?"

"దానికి లెక్కెందుకండీ? గోడ ఎత్తున ఒక వెదురు పాతండి. నీడెక్కడ పడతాదో సూసుకుందాం."

"వెదురు ఈయేళ నీడే సెప్తాదే. నీకు కావాల్సింది ధనుర్మాసం నీడ. సూరీడు అప్పుడు బాగా దక్షిణానికి దిగిపోతాడు. ఆ నీడ ఇప్పుడే ఎలా సెప్తాదా కర్ర?"

జవాబు లేకపోతే తగ్గాలని కూడా లేదు కదా. కర్ర పాతాల్సిందేనని మొండికేశాను. సరేనని గదీ దాని పిట్టగోడా కలిపి పదమూడు అడుగుల వెదురు ఒకటి, గోడ వచ్చే చోట నిలబెట్టించారు. దాని కొసకి ఎర్ర గుడ్డముక్క కట్టించారు, బాగా కనబడాలని. లెక్క మాత్రం లెక్కే అన్నారు.

ఆ లెక్కకి కోడలి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నారు. కోడలు ఆఫీసులో ఎక్సెల్ పని చేస్తుంది. ఎక్కడ నొక్కాలో అత్తగారికి చూపించి తన పనికి తను వెళ్లిపోయింది. బళ్లో ఆవిడ సైనులూ టానులూ పుస్తకం వెనక పట్టిక చూసి చెప్పిన మనిషి. ఇప్పుడు ఆ పెట్టె పిట్టగోడ మీద పెట్టి, "ఇది గళ్ల కాగితమేనే. కాకపోతే లెక్క తనే సేసుకుంటాది. పిండి సేతుల్తో ముట్టుకోకు" అన్నారు. మా ఊరు భూమధ్యరేఖకి పద్దెనిమిది డిగ్రీల పైన ఉందట. చలికాలంలో సూర్యుడు ఇరవై మూడున్నర కిందికి పోతాడట. రెండూ కలిపి తొంభైలోంచి తీసేస్తే నలభై ఎనిమిదిన్నర, సర్లే నలభై తొమ్మిది వేద్దామన్నారు. పదమూడు అడుగుల గోడని ఆ నలభై తొమ్మిది టానుతో భాగిస్తే మధ్యాహ్నం నీడ పొడుగు వస్తుందట. గుళ్లో పంతులు గారు మంత్రం చదువుతుంటే ఊపినట్టు నేను తల ఊపుతూ నిలబడ్డాను.

గడిలో జవాబు పడింది. మైనస్ నాలుగు.

"మైనస్ అంటే ఏటండీ?"

ఆవిడ నొసలు ముడిచారు. "మైనస్ అంటే ఇటు కాదు, అటు. నీ వైపు కాదు, నా వైపు పడతాదన్నమాట" అన్నారు. తర్వాత తనలో తను, "సలికాలం నీడ ఉత్తరానికి పడాలి కదా మరి" అని గొణుక్కున్నారు.

అప్పటికి జూన్ నెల వచ్చింది. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. ఇద్దరం వెదురు వైపు చూశాం. నిజంగానే దాని నీడ అడుగు పైచిలుకు వాళ్ల వైపే, దక్షిణానికే పడి ఉంది! ఆ రోజుల్లో మన ఊళ్లో సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడట. అందుకని మధ్యాహ్నం నీడ అటు పడుతుందట. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ డాబా మీదే ఉన్నాను కానీ నేలకేసి చూడ్డమే తప్ప ఎప్పుడు పట్టించుకున్నాను గనక?

"సూసేవా? మైనస్!" అని ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. గది వాళ్లకి, ఎండ నాకు. ఎంత చక్కటి లెక్క! ఆ రోజు విరిగినవి కాదు, బలవంతంగా మంచి వడియాలే పెట్టాను చేతిలో.

ఇదే ఏ ఢిల్లీలోనో ఉండి ఉంటే ఆ నీడ ఏ కాలంలోనూ దక్షిణానికి పడదట. అప్పుడు మైనస్ చూడగానే తప్పని తెలిసిపోయేదని తర్వాత ఆవిడే చెప్పారు. మన ఊళ్లో ఉండబట్టే ఇద్దరం మోసపోయాం.

వాళ్లింటి ముందు ఇనుము దిగింది, ఇసుక దిగింది. అదంతా చూస్తుంటే నాకెందుకో మనసులో ముల్లు కదిలింది. వాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకుంది. పోయిన చలికాలం ఆ ట్యాంకు నీడ నా చీర మూల మీద పడేది. ఆ మూలవి ఎండలేదు. మరి ట్యాంకు నీడ ఇటు పడితే గోడ నీడ అటెలా పోతుంది? ఆ సాయంత్రం అదే అడిగాను.

"ట్యాంకు వేరు, గోడ వేరు" అన్నారు ఆవిడ, ఆలోచించకుండా.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నీడకి ట్యాంకో గోడో తెలుస్తాదేటండీ? మీ ఇంటి యంత్రం మీ వైపే మాట్టాడతాది. అందుకే మైనస్ సెప్పింది!"

ఆవిడ మొహం ఎర్రబడింది. "లెక్క ఎవరి వైపూ మాట్టాడదే" అని కిందికి దిగిపోయారు. ఆ మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. విరిగిన వడియాలు డబ్బాలో పేరుకుపోయాయి. పంతం కొద్దీ నేనూ పిలవలేదు. సాయంత్రమయ్యేసరికి మాత్రం నా కళ్లు ఆ పిట్టగోడ మీదే ఉండేవి. ఇంతకీ నేను పోట్లాడింది ఆవిడతోనా, ఆ పెట్టెతోనా, గోడతోనా, నాకే తెలియలేదు.

ఒక మధ్యాహ్నం "ఒసే, ఇటు రా" అని పిలుపు వినబడింది. వెళ్లేసరికి ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నలభై ఎనిమిది వేస్తే నీడ నీ వైపు పదకొండడుగులంటంది. నలభై తొమ్మిది వేస్తే మైనస్ నాలుగంటంది. ఒక్క డిగ్రీకి సూరీడు కుప్పిగంతులేస్తాడేటే? అందుకని సైన్ ముప్పై అడిగేను. ఎంతో తెలుసా?"

"నాకేటి తెలుస్తాదండీ?"

"అర. సైన్ ముప్పై అంటే అర. నా సర్వీసంతా అదే సెప్పేను. ఈ ఊళ్లో సగం మందికి సెప్పేను. తప్పు సెప్పినోళ్ల సెవులు మెలిపెట్టేను. ఇది అర కాదంటంది. మైనసంటంది." పెట్టెని నావైపు తిప్పి చూపించారు. "అర కాదంటే ఇన్నేళ్లూ నేను సెప్పిందేటే?"

నాకు భయమేసింది. నేను అన్నదే నిజమవుతోందని సంతోషించాలి కదా? రాలేదు సంతోషం. ఆ పెట్టెని సందులోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. "యంత్రం పాడైందేమోనండి" అన్నాను.

"కూడికలు బాగానే సేస్తంది. రెండూ రెండూ నాలుగే అంటంది." పెట్టెని చంకన పెట్టుకుని, "తప్పొస్తే ఏడవకు, ఎక్కడొచ్చిందో సూడమని పిల్లలకి సెప్పేదాన్ని" అన్నారు. అని ముక్కు చీది, మా డాబా ఎక్కి వచ్చి, మా మెట్ల గది నీడలో పీట వేసుకుని కూర్చున్నారు. నేను పక్కన అప్పడాలు తిరగేస్తున్నాను.

ముందు సైన్ సున్నా అడిగారు. సున్నా అంది. "ఇక్కడిదాకా ఇద్దరికీ గొడవ లేదు" అన్నారు. తర్వాత పాయింట్ ఒకటి, పాయింట్ రెండు, అలా గళ్లలో వేసి మూల పట్టుకుని కిందికి లాగారు. జంతికల గిద్దలోంచి కారప్పూస దిగినట్టు అంకెలు బిలబిలమని దిగాయి. ఆవిడ వేలు పెట్టి చదువుతున్నారు. పెరిగింది, పెరిగింది, తగ్గుతోంది, తగ్గుతోంది.

"మూడు పాయింట్ ఒకటి దగ్గర ప్లస్సు. మూడు పాయింట్ రెండు దగ్గర మైనస్సు. సున్నా ఈ మధ్యలో ఎక్కడో ఉంది." వేలు అక్కడే ఆగిపోయింది. "మూడు పాయింట్ ఒకటి... నాలుగు..."

ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. నాకు హడలు పుట్టింది. మతి గానీ చలించిందేమో అనుకున్నాను.

"ఓసి నీ దుంప తెగ! ఇది డిగ్రీలు అడగట్లేదే! రేడియన్లు అడుగుతంది! బీఎస్సీలో సూసేను దీని మొహం. పరీక్ష రాసి వదిలేసేను, మళ్లీ ఇన్నాళ్లకి నా డాబా ఎక్కింది!"

"మీ డాబా కాదండీ, మా డాబా" అన్నాను. ఇంకేమనాలో తెలియక.

కోణాన్ని కొలవడానికి రెండు కొలతలున్నాయట. బళ్లో చెప్పేది డిగ్రీలు. ఈ పెట్టెకి తెలిసింది రెండోది. నూట ఎనభై డిగ్రీలంటే దానికి మూడు పాయింట్ ఒకటి నాలుగు. మనం ముప్పై డిగ్రీలనుకుని ముప్పై వేస్తే, అది ముప్పై రేడియన్లనుకుని గిర్రున ఎన్నో చుట్లు తిరిగి ఎక్కడో తేలిందట.

"అంటే మనం కేజీల్లో సెప్తే అది మానికల్లో కొలిసిందాండీ?"

"అదేనే! అచ్చం అదే!"

"మరెలాగిప్పుడు?"

"రేడియన్స్ అని ఇంకో మాట ఉందిట దీంట్లో. డిగ్రీల్ని ముందు అందులో వేసి, అప్పుడు సైన్‌లో వెయ్యాలి."

"పప్పు నానబెట్టి రుబ్బినట్టు."

ఆవిడ నావైపు చూశారు. "అంతేనే" అన్నారు. "నేను నానబెట్టకుండా రుబ్బేసేను."

నానబెట్టిన ముప్పైని సైన్‌లో వేశారు. గడిలో పాయింట్ ఐదు పడింది. అర. ఆవిడ దానివైపు చూస్తూ కూర్చుండిపోయారు. కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "తప్పు సెప్పలేదే నేను" అన్నారు. సైన్ ఏమిటో అర ఏమిటో నాకు ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. మరి నాకెందుకు ఏడుపొచ్చిందో అదీ తెలియదు.

ఆ తర్వాత అసలు లెక్క వేశారు. నలభై తొమ్మిదిని నానబెట్టి, టాన్‌లో వేసి, పదమూడుని భాగించారు. పదకొండడుగుల పైన వచ్చింది. మైనస్ లేదు. సందు మూడడుగులు పోగా ఎనిమిదడుగుల నీడ మా డాబా మీదే. అంటే నేను చీర పరిచే చోటంతా.

"నువ్వన్నదే నిజం" అన్నారు టీచర్ గారు. తన ఇంటికే అడ్డం తిరిగిన జవాబుని ఆవిడ ఎంత నిదానంగా చదివారో! నేనైతే ఆ గడి చెరిపేసేదాన్ని. "గోడని ఐదడుగులు ఎనక్కి జరిపి కడితే నీ వైపు మూడడుగుల పైసిలుకే పడతాది. ఆ మేర సాలా వరకు ఎలాగూ నీ పిట్టగోడ నీడే ఉంటాది."

ఐదడుగులు ఆవిడ తేలిగ్గా అనేశారు గానీ, వాళ్లింట్లో పెద్ద రగడే అయింది. ఆ సందులోంచి మాటలన్నీ నాకు వినిపిస్తాయి. కింద గోడ లేనిచోట పైన గోడ ఎలా లేపమంటారని మేస్త్రి. ఐదడుగులు పోతే గదిలో రెండో మంచం పడదని కొడుకు. "పక్కింటోళ్ల వడియాల కోసం మన గుంటల గది సిన్నది సేసుకుంటామా అమ్మా?" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేను. నా పిల్లలైతే నేనూ అదే అందును.

"ఆవిడ ఎండ మనం ఇచ్చింది కాదురా, మనం తీసుకోడానికి" అన్నారు టీచర్ గారు. "ధనుర్మాసం దాకా ఆగు. నేను సెప్పిన సోటే నీడ ఆగితే అక్కడే కట్టు. నా లెక్క తప్పైతే నీ ఇష్టం, ముందుకే కట్టుకో."

ఆ ఒప్పందం మీద పని ఆగింది. ఇనుము మీద టార్పాలిన్ కప్పారు. వెదురుని ఐదడుగులు వెనక్కి జరిపి నిలబెట్టారు. మర్నాడు గేటుకి వేయగా మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని ఆవిడ మా డాబా ఎక్కారు. మోకాళ్ల నొప్పితో నేల మీద కూర్చుని, నా చేత టేపు పట్టించి, లెక్క ప్రకారం నీడ ఆగాల్సిన చోట ముందు సుద్దతో, తర్వాత కుంచెతో గీత గీశారు. నాకింకాస్త ఎండ మిగులుతుందన్న ఆశతో ఉండబట్టలేక, "టీచర్ గారూ, కొంచెం పిట్టగోడ వైపుకి జరిపి గీసేయండి, ఎవరు సూసొచ్చేరు?" అన్నాను. కుంచె కర్రతో నా చేతి మీద ఒక్కటి వేశారు. నేనూ ఆవిడ బ్యాచ్‌లో చేరింది అప్పుడేనేమో.

"ధనుర్మాసం పెట్టేక, మధ్యాహ్నం పన్నెండుకి, కర్ర కొస నీడ ఈ గీత దాటిందా, నన్నడుగు" అన్నారు.

"ఏ పన్నెండండీ? మా ఆయన ఫోన్లో పన్నెండా, సూరీడి పన్నెండా?"

"మన దగ్గర రెండూ ఒకటే అనుకో. దేశానికంతా టైము సెప్పే గీత కాకినాడ మీంచే ఎల్తాది" అన్నారు, ఆ గీత కూడా తనే గీసినంత ధీమాగా.

అప్పట్నుంచి మా ఇద్దరికీ అదొక ఊతపదమైపోయింది. నేను తొందరపడి ఏదైనా అంటే "నానబెట్టేవా?" అనేవారు. ఆవిడ కూరలో ఉప్పు మరిచిపోతే నేను అనేదాన్ని. వర్షాలు పోయాయి, ఆశ్వయుజం వచ్చింది. వెదురు నీడ రోజురోజుకీ మా వైపు జరుగుతోంది. సాయంత్రం చెయ్యి చాపినప్పుడల్లా, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగేవారు. నేను "సుమారుగా..." అని నాలిక కరుచుకునేదాన్ని. ఆ నీడ పిట్టగోడ దాటి మా నేల మీదికి దిగిన రోజుల్లోనే ఆవిడ వెళ్లిపోయారు.

నన్నడుగు అన్న మనిషి లేదు. ఇక నేను ఎవర్ని అడగను? ఆ గీత కేసి చూసినప్పుడల్లా నాకు అంతా అయోమయంగా ఉండేది. నీడ గీత దాటితే ఆవిడ లెక్క తప్పు, కొడుకు గోడ ముందుకు కట్టుకుంటాడు, నా ఎండ పోతుంది. గీత దాకా రాకుండా ఆగినా లెక్క తప్పే. సరిగ్గా ఆ గీత మీదే ఆగాలి. అలా ఎక్కడైనా జరుగుతుందా? ఆఖరిసారి వేసినప్పుడు ఆవిడ నానబెట్టారో, హడావుడిలో మరిచిపోయారో? నా కళ్ల ముందే కదా వేశారు, అయినా అనుమానమే. నేను కోరుకుంటున్నది నా ఎండ నిలవాలనా, ఆవిడ మాట నిలవాలనా అని కూడా తేల్చుకోలేకపోయాను. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, పిండిలో ఉప్పులా.

ధనుర్మాసం పెట్టిన తర్వాత వచ్చిన ఆదివారం వాళ్లబ్బాయి మా డాబా ఎక్కాడు. అనకాపల్లిలో ఉద్యోగం, సెలవు రోజు తప్ప ఎండ మొహం చూడడు. నేను పొద్దున్నే చీర పరిచి, సరిగ్గా గీత నుంచి మొదలుపెట్టి మొన్నటి వడియాలని వరసలుగా ఎండబెట్టాను. అతను ఫోన్లో టైము చూస్తున్నాడు. పన్నెండయింది.

వెదురు నీడ నేల మీద సన్నగా, నల్లగా సాగి వచ్చి, దాని కొస ఎర్ర గీత మీద ఆగింది. అటు లేదు, ఇటు లేదు.

"అక్కా, దాటిందే!" అన్నాడు అతను. కొసకి కట్టిన గుడ్డ నీడ గాలికి గీత దాటి ఇవతలకి వస్తోంది.

"గుడ్డ లెక్కలో లేదు బాబూ. కనబడ్డానికి కట్టించేరంతే. కర్ర కొస సూడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది, ఎవరో లెక్కలు వచ్చినవాళ్లు మాట్లాడినట్టు.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. సరిగ్గా వాళ్లమ్మ కూర్చున్న చోటే. గీత మీద కొస నీడ ఉన్న చోట వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు. తల ఎత్తేసరికి కళ్లలో నీళ్లు.

"నానబెట్టిందక్కా" అన్నాడు.

ఆ మాట వాళ్లింట్లో కూడా తిరిగిందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను తల ఊపాను. "మేస్త్రిని రేపు రమ్మంటాను. ఎనక్కే కడతాం" అని చెప్పి, ముక్కు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను చీర పక్కన అలాగే కూర్చున్నాను. ఎండ వెచ్చగా వీపుకి తగులుతోంది. ఆ ఎర్ర గుడ్డ నీడ పిట్టగోడ మీంచి చాపిన చెయ్యిలా మొదటి వరస దాకా వచ్చి, వడియాలని తడిమి, మళ్లీ వెనక్కి పోతోంది. ఆ వరసలో రెండు అప్పుడే విరిగి ఉన్నాయి. నేను వాటిని తియ్యలేదు.